ఫైలు చేరింది, దాని వివరాలు దారిలోనే పోయాయి

సంపాదకులకు నమస్కారం.

సాఫ్ట్‌వేర్‌ను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఇంకోదానికి మార్చడం గురించి సాంకేతిక పేజీల్లో వచ్చే రాతలు దాదాపు మూడు విషయాల దగ్గరే ఆగిపోతాయి: కోడ్ కంపైల్ అయిందా, తెర సరిగ్గా కనిపిస్తోందా, వేగం తగ్గిందా. ఈ మూడింట్లో ఎక్కడ తేడా వచ్చినా మొదటి రోజే ఎవరో ఒకరు అరిచి చెబుతారు. ఫైలు మెటాడేటాలో తేడా వస్తే మాత్రం అరిచేవాళ్లుండరు. ఫైలులోని ఒక్క బైటు కూడా మారదు, చెక్‌సమ్ (లోపలి డేటా మారలేదని చూపే లెక్క) సరిపోతుంది, పరీక్షలన్నీ పాసవుతాయి. కొన్నాళ్లు పోయాక బ్యాకప్ రాత్రికి రాత్రి అన్ని ఫైళ్లనూ మళ్లీ కాపీ చేయడం మొదలుపెడుతుంది, లేదా నిన్నటిదాకా నడిచిన స్క్రిప్ట్ మొరాయిస్తుంది, లేదా ఒక్కరే చదవాల్సిన ఫైలు అందరికీ తెరుచుకుంటుంది. పోర్టింగ్‌లో, అంటే ఇలా సిస్టమ్ మార్చడంలో, మెటాడేటా కొంత పోక తప్పదు, దాన్ని ఎవరూ కాదనరు. చెప్పాపెట్టకుండా పోనిచ్చే కోడ్ గురించే ఈ ఉత్తరం.

మెటాడేటా అంటే ఫైలులో ఉన్నది కాక, ఫైలు గురించి సిస్టమ్ రాసిపెట్టుకునే చిట్టా. పేరు, సొంతదారు, ఎవరు చదవొచ్చు, ఎవరు దిద్దొచ్చు, ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది, దాచి ఉంచాలా, నడిపించొచ్చా, ఎక్కడి నుంచి దిగింది. విండోస్, లినక్స్, మ్యాక్‌ఓఎస్ మూడూ ఈ చిట్టా రాస్తాయి, కానీ గళ్లు ఒకేలా ఉండవు. ఒకదానిలో ఉన్న గడి ఇంకోదానిలో లేకపోతే కనీసం అది లేదని తెలుస్తుంది. రెండు చోట్లా ఒకే పేరున్న గడిలో వేర్వేరు సంగతులుంటే మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా బోల్తా పడతారు.

దీనికి ఉదాహరణగా అన్నిటికంటే ముందు చెప్పాల్సింది సీటైమ్ గురించి. యునిక్స్ వంశంలో (లినక్స్, మ్యాక్‌ఓఎస్ దానివే) ఫైలు వివరాలు అడిగే స్టాట్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే వచ్చే ఎస్‌టీ_సీటైమ్, ఐనోడ్ (డిస్క్ మీద ఫైలు చిట్టా ఉండే చోటు) చివరిసారి ఎప్పుడు మారిందో చెబుతుంది. ఫైలును దిద్దినా, పర్మిషన్ మార్చినా, సొంతదారును మార్చినా అది ముందుకు జరుగుతుంది. విండోస్ సీ రన్‌టైమ్‌లో (సీ భాష ప్రోగ్రామ్‌లు వాడుకునే లైబ్రరీలో) అదే పేరుతో వచ్చేది ఫైలు పుట్టిన సమయం. కోడ్ రెండు చోట్లా ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కంపైలవుతుంది. సీటైమ్ మారిందో లేదో చూసి బ్యాకప్ తీసే ప్రోగ్రామ్‌ను అలాగే విండోస్‌కు తెస్తే, ఒక ఫైలును వందసార్లు దిద్దినా దాని లెక్కలో అది పాత ఫైలే. పైథాన్ భాషలో 3.12 వెర్షన్ నుంచి విండోస్‌లో పుట్టిన సమయానికి ఎస్‌టీ_సీటైమ్‌ను వాడొద్దని చెప్పి, దానికోసం ఎస్‌టీ_బర్త్‌టైమ్ అనే వేరే గడి ఇచ్చారు. పాత కోడ్‌లో సీటైమ్ అన్న మాట కనిపించిన ప్రతి చోటా ఆగి, రాసినవాళ్లు దేన్ని ఉద్దేశించారో తేల్చుకోవాలి. ఒకేసారి అన్ని చోట్లా మార్చేసే పని కాదిది.

లినక్స్‌లో పుట్టిన సమయం కావాలంటే స్టాట్ చాలదు, 2017లో కెర్నల్ (లినక్స్ మూల భాగం) 4.11తో వచ్చిన స్టాట్‌ఎక్స్ పిలవాలి. జవాబుతోపాటు, ఏయే గళ్లు నిండాయో బిట్లతో చెప్పే ఒక మాస్క్ వస్తుంది. పుట్టిన సమయం బిట్ అందులో ఉందో లేదో చూశాకే ఆ గడిని నమ్మాలి. చూడకుండా తీసుకుంటే, ఆ వివరం ఇవ్వని ఫైల్‌సిస్టమ్‌లో (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతిలో) ప్రతి ఫైలూ 1970 జనవరి 1న పుట్టినట్టు కనిపిస్తుంది. ఇంకో చిక్కు: లినక్స్‌లో ఆ సమయాన్ని చదవడానికే తప్ప రాయడానికి పిలుపు లేదు. విండోస్ నుంచి వచ్చిన ఫైలు పుట్టిన తేదీని నిలబెట్టాలంటే పక్కన ఎక్కడో దాచుకోవాల్సిందే. విండోస్‌తో ఫైళ్లు పంచుకునే సాంబా చేసేది అదే, డాస్ అట్రిబ్యూట్లతోపాటు (దాచిన ఫైలు, రీడ్-ఓన్లీ లాంటి గుర్తులు) ఆ తేదీని కూడా ఒక ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్‌లో (ఫైలుకు తగిలించే అదనపు గడిలో) పెట్టుకుంటుంది. యునిక్స్ వంశంలోనిదే అయిన ఫ్రీబీఎస్‌డీలో ఒక కిటుకుంది: ఉన్న పుట్టిన సమయం కంటే పాత మార్పు సమయాన్ని రాస్తే పుట్టిన సమయం కూడా దానితోపాటే వెనక్కి వెళుతుంది. అందుకని ముందు పుట్టిన తేదీని మార్పు సమయంగా ఒకసారి రాసి, తర్వాత అసలు మార్పు సమయాన్ని రాస్తే రెండూ కుదురుతాయి.

ఇక సమయాన్ని ఎంత సన్నగా కొలుస్తారన్న సంగతి. యునిక్స్ లెక్క 1970 జనవరి 1 నుంచి, ఇప్పటి ఫైల్‌సిస్టమ్‌లలో నానోసెకన్ల దాకా. విండోస్ లెక్క 1601 జనవరి 1 నుంచి, 100 నానోసెకన్లకు ఒక గీత. రెండింటి మధ్య తేడా 11644473600 సెకన్లు. ఒక ఫైలును తీసుకుని చూద్దాం. లినక్స్‌లో దాని మార్పు సమయం 1700000000 సెకన్లు, 123456789 నానోసెకన్లు. విండోస్ లెక్కలోకి మారిస్తే 133444736001234567 గీతలు. వెనక్కి మారిస్తే 1700000000 సెకన్లు, 123456700 నానోసెకన్లు. చివరి 89 పోయాయి. ఆ 89 నానోసెకన్ల వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ రెండు వైపులా సమయం అచ్చంగా సమానమా అని అడిగే సింక్ ప్రోగ్రామ్‌కు, ఆ ఫైలు ప్రతి రాత్రీ మారినట్టే. లక్ష ఫైళ్లుంటే లక్షా మళ్లీ ప్రయాణం కడతాయి.

అదే ఫైలును ఫ్యాట్ అనే పాత ఫైల్‌సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ మీద పెడితే కథ ఇంకా ముదురుతుంది. అక్కడ మార్పు సమయం 2 సెకన్ల మెట్లలోనే ఉంటుంది. ఆ ఫైలు సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) 2023 నవంబర్ 14, 22 గంటల 13 నిమిషాల 20 సెకన్లు, పైన కొంత. కిందికి కుదిస్తే 20, పైకి సర్దితే 22. ఎటు సర్దుతారన్నది డ్రైవర్‌ను బట్టి ఉంటుంది. పైగా ఫ్యాట్‌లో రాసేది స్థానిక సమయం, ఏ టైమ్‌జోన్‌దో రాయరు. కంప్యూటర్ టైమ్‌జోన్ మారితే డ్రైవ్ మీది ఫైళ్లన్నీ ఒక్కసారిగా ఒకే తేడాతో జరిగినట్టు కనిపిస్తాయి. దాని తర్వాతి రూపమైన ఎక్స్‌ఫ్యాట్ కొంత నయం, 10 మిల్లీసెకన్ల దాకా వెళుతుంది, యూటీసీతో తేడా రాసుకోవడానికి ఒక గడి కూడా ఉంది.

అందుకని రెండు సమయాలను పోల్చేటప్పుడు, రెండు వైపుల్లో ఏది మొరటుగా కొలుస్తుందో దాని కొలతతోనే పోల్చాలి. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్‌లో మోడిఫై-విండో 1 అని పెట్టేదీ, విండోస్‌లో ఆ పనే చేసే రోబోకాపీలో ఎఫ్‌ఎఫ్‌టీ అని పెట్టేదీ ఇందుకే. వేసవి సమయం మార్పు వల్ల వచ్చే గంట తేడాను పట్టించుకోకుండా ఉండేందుకు రోబోకాపీలో డీఎస్‌టీ అనే స్విచ్ వేరే ఉంది. సొంతంగా రాస్తున్నవాళ్లు ఫైల్‌సిస్టమ్ పేరు చూసి ఊహించకుండా కొలిచి తెలుసుకోవడం మేలు: గమ్యంలో ఒక ఖాళీ ఫైలు సృష్టించి, బేసి సెకను, 123456789 నానోసెకన్లు ఉన్న సమయాన్ని దానిమీద రాసి, మూసి, మళ్లీ చదవాలి. ఏం తిరిగొచ్చిందో అదే అక్కడి కొలత. మధ్యలో ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) సర్వర్ ఉన్నా, వెనక ఏ డిస్క్ ఉన్నా ఇది పనిచేస్తుంది. ఒక జాగ్రత్త ఏమిటంటే, ఫ్యాట్ డ్రైవర్ కొన్ని చోట్ల మెమరీలో ఉన్న సన్నని సమయాన్నే తిరిగి చెబుతుంది. డ్రైవ్‌ను తీసి మళ్లీ పెట్టాక చూస్తేనే అసలు రంగు బయటపడుతుంది.

సమయాన్ని ఫ్లోటింగ్ (దశాంశ) సంఖ్యగా పట్టుకోవడం ఇంకో పాత పొరపాటు. డబుల్ అనే ఆ రకం సంఖ్యలో అంకెలకు 53 బిట్లుంటాయి. ఇప్పటి సెకన్ల లెక్కకే 31 పోతే, మిగిలిన 22 బిట్లలో దొరికే సన్నని మెట్టు దాదాపు 238 నానోసెకన్లు. పైథాన్‌లో మార్పు సమయానికి ఎస్‌టీ_ఎంటైమ్ కాకుండా పూర్ణసంఖ్యగా వచ్చే ఎస్‌టీ_ఎంటైమ్_ఎన్‌ఎస్ వాడితే ఈ బాధ లేదు. సీలో అయితే గడి పేరే తేడా: లినక్స్‌లో ఎస్‌టీ_ఎంటిమ్, మ్యాక్‌లో ఎస్‌టీ_ఎంటైమ్‌స్పెక్. అది కంపైలర్ పట్టుకునే తప్పు కాబట్టి దానితో భయం లేదు. 1970కి ముందు తేదీలున్న ఫైళ్లతోనే భయం. సీ భాషలో భాగహారం సున్నా వైపు కుదిస్తుంది కాబట్టి రుణ సంఖ్యల దగ్గర నానోసెకన్లు కూడా రుణమై వస్తాయి, సమయం రాసే పిలుపు దాన్ని చెల్లదని తిప్పికొడుతుంది. అక్కడ కిందికే కుదించి, నానోసెకన్లను ఎప్పుడూ ధనంగా ఉంచాలి.

హద్దుల సంగతి కూడా ఒక మాట. ఫ్యాట్ తేదీలు 1980 నుంచి 2107 దాకా. మ్యాక్ పాత ఫైల్‌సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ 1904 నుంచి 2040 ఫిబ్రవరి 6 దాకా. లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లైన ఈఎక్స్‌టీ3లో, 128 బైట్ల ఐనోడ్‌తో చేసిన ఈఎక్స్‌టీ4లో 2038 జనవరి 19న గడియారం నిండిపోతుంది. 256 బైట్ల ఐనోడ్ ఉన్న ఈఎక్స్‌టీ4 2446 దాకా లాగుతుంది. తేదీలను కావాలనే సున్నా చేసే బిల్డ్ వ్యవస్థలున్నాయి. ఆ 1970 ఫైళ్లను జిప్ చేయబోతే పైథాన్ జిప్‌ఫైల్ 1980కి ముందు తేదీలు కుదరవని ఎక్సెప్షన్ విసురుతుంది. చదివిన సమయాన్ని, అంటే ఏటైమ్‌ను, దేనికీ ఆధారం చేసుకోకపోవడమే మంచిది. లినక్స్ 2.6.30 నుంచి రెలటైమ్ (ఏటైమ్‌ను అరుదుగానే రాసే పద్ధతి) మామూలైపోయింది, రోజుకోసారి తప్ప అది ఊరికే కదలదు. విండోస్ ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో గంట తేడా ఉండొచ్చు, అసలు రాయకుండా ఆపేసి కూడా ఉండొచ్చు.

పర్మిషన్ల దగ్గర నష్టం భద్రతకే ఎసరు పెడుతుంది. లినక్స్ కోడ్‌లో రహస్య తాళంచెవి ఉన్న ఫైలుకు సీహెచ్‌మోడ్ (మోడ్ అనే పర్మిషన్ అంకెను మార్చే పిలుపు) 0600 అని రాస్తారు, సొంతదారు తప్ప ఇంకెవరూ చదవకుండా. అదే వరుసను విండోస్‌లో నడిపిస్తే పిలుపు విజయవంతమైందనే చెబుతుంది. నిజానికి అక్కడ అది చూసేది ఒక్క రీడ్-ఓన్లీ గుర్తునే. ఎవరు చదవొచ్చన్నది ఫోల్డరు నుంచి వారసత్వంగా వచ్చిన ఏసీఎల్ (ఎవరికి ఏ హక్కో రాసే జాబితా) చేతిలోనే ఉండిపోతుంది. అందరికీ తెరిచిన ఫోల్డరైతే తాళంచెవి కూడా అందరిదే. విండోస్‌లో ఈ పనికి సరైన దారి, ఫైలును సృష్టించేటప్పుడే వారసత్వం తెంచిన, సొంతదారుకు మాత్రమే హక్కిచ్చే సెక్యూరిటీ డిస్క్రిప్టర్‌ను (హక్కుల వివరాన్ని) క్రియేట్‌ఫైల్ అనే పిలుపుకు అందించడం. ముందు సృష్టించి తర్వాత బిగిస్తే, ఆ మధ్య క్షణంలో తెరిచినవాళ్ల హ్యాండిల్ (తెరిచిన ఫైలు మీద పట్టు) అలాగే చెల్లుతుంది. ఎదురు దిశలోనూ ఇదే తంతు: ఫ్యాట్ డిస్క్‌ను లినక్స్‌లో మౌంట్ చేస్తే (సిస్టమ్‌కు తగిలిస్తే) ప్రతి ఫైలుకూ పర్మిషన్ మౌంట్ ఆప్షన్ల నుంచే వస్తుంది. తాళంచెవిని అక్కడ పెడితే, దానితో దూరపు యంత్రంలోకి ప్రవేశం ఇచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పర్మిషన్లు మరీ వదులుగా ఉన్నాయని దాన్ని ముట్టుకోదు. అలా మొండికేసే ప్రోగ్రామే మంచి ప్రోగ్రామని మా అభిప్రాయం.

రీడ్-ఓన్లీ అన్న మాటకూ రెండు అర్థాలున్నాయి. యునిక్స్‌లో ఫైలును తుడిచే హక్కు ఫోల్డరును బట్టి వస్తుంది, ఫైలు మీద రాసే హక్కు లేకపోయినా తుడవొచ్చు. విండోస్‌లో రీడ్-ఓన్లీ గుర్తున్న ఫైలు మామూలుగా తుడవబోతే అనుమతి లేదంటుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ తన ఆబ్జెక్ట్ ఫైళ్లను 0444తో (అందరికీ చదవడం మాత్రమే) రాస్తుంది కాబట్టి, పని అయిపోయాక తాత్కాలిక ఫోల్డరును ఊడ్చేసే లినక్స్ కోడ్ విండోస్‌లో సరిగ్గా ఆ ఫైళ్ల దగ్గరే తగులుకుంటుంది. మందు తేలికే: తుడవడం విఫలమైతే గుర్తు తీసి ఇంకోసారి ప్రయత్నించాలి. ఇక ఫోల్డరు మీద ఆ గుర్తు ఉంటే విండోస్‌లో రాయకూడదని కాదు, ఫోల్డరు రూపాన్ని మార్చారని ఎక్స్‌ప్లోరర్‌కు సైగ. దాన్ని అక్షరాలా నమ్మి లినక్స్‌లో 0555గా (ఎవరికీ రాసే హక్కు లేకుండా) మారిస్తే ఆ ఫోల్డరులో కొత్త ఫైలు పుట్టదు.

ఏసీఎల్‌ల దగ్గర ఒక సన్నని ఉచ్చు ఉంది, దాన్ని దగ్గరగా చూడాలి. లినక్స్‌లో ఒక ఫైలుకు గ్రూపు చదవడం వరకే, ఫలానా ఒక వ్యక్తికి మాత్రం చదవడం, రాయడం రెండూ అని ఏసీఎల్ పెట్టారనుకోండి. అప్పుడు స్టాట్ చూపించే మోడ్‌లో మధ్య మూడు బిట్లు గ్రూపు హక్కులు కావు, మాస్క్, అంటే గ్రూపుకూ, పేరు పెట్టి చేర్చిన వ్యక్తులకూ ఉండే హక్కుల పై హద్దు. అది చదవడం, రాయడం అని చూపిస్తుంది, మోడ్ 0664 అవుతుంది. ఏసీఎల్‌లు తెలియని ప్రోగ్రామ్ ఆ 0664ను మాత్రమే పట్టుకెళ్లి కొత్త చోట రాస్తే, ఆ వ్యక్తి హక్కు పోతుంది, గ్రూపు మొత్తానికి రాసే హక్కు వస్తుంది. పోగొట్టడం ఒక ఎత్తు, లేని హక్కు పుట్టించడం ఇంకో ఎత్తు. ఏసీఎల్‌ను మోయలేనప్పుడు మోడ్‌లోని గ్రూపు బిట్లను ఏసీఎల్‌లో ఉన్న గ్రూపు వరుస నుంచే తీసుకోవాలి, స్టాట్ నుంచి కాదు.

లినక్స్‌లో వాడే పోసిక్స్ (యునిక్స్ ప్రమాణం) ఏసీఎల్ ముసాయిదా దశలోనే ఆగిపోయింది. విండోస్ ఏసీఎల్‌లో అనుమతులతోపాటు నిషేధాలూ ఉంటాయి, వాటి వరుసక్రమానికీ విలువ ఉంది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చి, మళ్లీ వెనక్కి మారిస్తే మొదటిది తిరిగి రాదు. అందుకే అసలు ఏసీఎల్‌ను ఉన్నదున్నట్టు ఒక చోట భద్రపరిచి, ఇక్కడ పనిచేయడానికి సరిపడా మాత్రం అనువదించుకోవాలి. అనువాదంలో సందేహం వస్తే హక్కు తగ్గించే వైపే మొగ్గాలి. సొంతదారు విషయంలో యూఐడీ అనే వాడుకరి అంకెను నమ్మకూడదు. ఒక యంత్రంలో 1000 ఒకరైతే, పక్క యంత్రంలో 1000 ఇంకెవరో. పేరుతో వెతికి, దొరక్కపోతేనే అంకె దగ్గరికి వెళ్లాలి. విండోస్‌లో వాడుకరి గుర్తింపైన ఎస్‌ఐడీని అయితే మొత్తం అక్షరాల రూపంలోనే దాచాలి.

నడిపించే హక్కు లినక్స్‌లో ఒక బిట్, విండోస్‌లో పేరు చివరి ఎక్స్‌టెన్షన్. విండోస్ నుంచి వచ్చే ఫైలుకు ఆ బిట్ పెట్టాలో లేదో తేల్చడానికి ఫైలు మొదటి బైట్లు చూడడం నమ్మకమైన పద్ధతి: స్క్రిప్ట్ అయితే హ్యాష్, ఆశ్చర్యార్థకం గుర్తులతో మొదలవుతుంది, ప్రోగ్రామ్ అయితే ఈఎల్‌ఎఫ్ (లినక్స్ ప్రోగ్రామ్ ఫైళ్ల రూపం) ముద్రతో. గిట్ ఫైళ్లకు 100644 (నడవనిది), 100755 (నడిచేది) అన్న రెండు మోడ్‌లే దాస్తుంది. విండోస్‌లో కూర్చుని కొత్త స్క్రిప్ట్ చేర్చేవాళ్లు గిట్ అప్‌డేట్-ఇండెక్స్ ఆదేశంతో ఆ బిట్‌ను చేత్తో పెట్టకపోతే, లినక్స్‌లో తీసుకున్నవాళ్లకు అది నడవని ఫైలుగానే వస్తుంది.

పేర్ల దగ్గరికి వస్తే, తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బలున్నాయి. ఈఎక్స్‌టీ4లో పేరుకు హద్దు 255 బైట్లు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 యూటీఎఫ్-16 ముక్కలు. (యూటీఎఫ్-16, యూటీఎఫ్-8 యూనికోడ్ సంకేతాలను రాసిపెట్టే రెండు పద్ధతులు.) తెలుగు సంకేతం, అంటే యూనికోడ్‌లో ఒక్కో హల్లుకు, గుర్తుకు ఉన్న సంఖ్య, ఒక్కొక్కటి యూటీఎఫ్-16లో ఒక ముక్క, యూటీఎఫ్-8లో 3 బైట్లు. అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 సంకేతాలు పట్టే చోట ఈఎక్స్‌టీ4లో 85 మాత్రమే. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో సంకేతాలు 6, బైట్లు 18. అలాంటివి పధ్నాలుగు పడితే పేరు నిండినట్టే. పేరు పొడవైందని 255వ బైటు దగ్గర కత్తిరించే కోడ్, సంకేతం మధ్యలోనో, అక్షరం మధ్యలోనో నరికి, చదవరాని పేరు మిగులుస్తుంది. కత్తిరించాల్సి వస్తే పూర్తి అక్షరం దగ్గర కత్తిరించాలి, అలా చేస్తే రెండు పేర్లు ఒకటవుతాయేమో కూడా చూసుకోవాలి.

ఐత్వం కథ ఇంకా తమాషా. యూనికోడ్‌లో ఐత్వం గుర్తుకు 0సి48 అనే ఒకే సంకేతం ఉంది. ఎత్వం 0సి46, దాని కింద వచ్చే ముక్క 0సి56, ఈ రెండూ కలిపి రాసినా అదే అర్థం, అదే రూపం. తెలుగులో ఇలా రెండుగా విడిపోయే గుర్తు ఇదొక్కటే. మ్యాక్ పాత ఫైల్‌సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలోనే దాస్తుంది. లినక్స్‌లో "చైత్రం" అని 18 బైట్లతో రాసిన పేరు అక్కడికి వెళ్లి వచ్చేసరికి 21 బైట్లవుతుంది. కంటికి అదే చైత్రం. ఈఎక్స్‌టీ4కు మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు. సింక్ ప్రోగ్రామ్ పాతదాన్ని తుడిచి కొత్తదాన్ని రాస్తుంది, లేదా రెండింటినీ పక్కపక్కనే ఉంచుతుంది. ఇంకోటి, "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు టకారం పొల్లు తర్వాత కనపడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్. దాన్ని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లు పోల్చేటప్పుడు లెక్కలోకే తీసుకోదు, లినక్స్, విండోస్ తీసుకుంటాయి. కాబట్టి లినక్స్‌లో రెండు ఫైళ్లుగా ఉన్నవి అక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయి. మ్యాక్ ఇప్పటి ఫైల్‌సిస్టమ్ ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన పేరును ఇచ్చినట్టే దాస్తుంది. అయినా పోల్చేటప్పుడు రెండు పేర్లనూ ఒకే రూపానికి తెచ్చి పోల్చడం, డిస్క్ మీద ఉన్న బైట్లను మాత్రం మార్చకపోవడం సరైన పద్ధతి.

తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు కదా, ఆ తేడాను లినక్స్ చూడడం, విండోస్, మ్యాక్ మామూలుగా చూడకపోవడం అన్న గొడవ మనకెందుకు అనుకోవద్దు, ఎక్స్‌టెన్షన్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఇక కోలన్. లాగ్ ఫైలు పేరులో గంటలు, నిమిషాలు కోలన్‌తో రాసే అలవాటు లినక్స్‌లో ఉంది. "లాగ్-22:13" అన్న పేరును ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద సృష్టిస్తే తప్పు చూపించదు. "లాగ్-22" అనే ఫైలును పుట్టించి, రాసినదంతా "13" అనే ఆల్టర్నేట్ స్ట్రీమ్‌లో (ఫైలుకు అంటుకుని ఉండే కనపడని అరలో) పోస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే 0 బైట్లు. రాసిన డేటా డిస్క్ మీదే ఉంటుంది, ఎవరి కంటా పడదు. పేరు చివరి చుక్క, ఖాళీ రాలిపోవడం, సీఓఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్ లాంటి పేర్లు విండోస్‌కు సొంతమవడం చాలామందికి తెలిసినవే.

ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్ల గురించి క్లుప్తంగా. లినక్స్‌లో మామూలు ప్రోగ్రామ్‌లు రాసేవాటి పేరు యూజర్ అన్న ముందుమాటతో మొదలవ్వాలి, మ్యాక్‌లో ఆ నియమం లేదు. అట్రిబ్యూట్ లేనప్పుడు వచ్చే ఎర్రర్ లినక్స్‌లో ఈనోడేటా, మ్యాక్‌లో ఈనోఆటర్. రెండింటినీ లేదు అనే చదవాలి. ఈఎక్స్‌టీ4లో ఒక ఫైలు అట్రిబ్యూట్లన్నీ మామూలుగా 4096 బైట్ల బ్లాకుకు అటూఇటుగా సర్దుకోవాలి. మ్యాక్ నుంచి వచ్చిన పెద్ద రిసోర్స్ ఫోర్క్‌ను (మ్యాక్ ఫైలుకు అంటుకుని ఉండే అదనపు డేటాను) అక్కడ రాయబోతే డిస్క్‌లో చోటు లేదన్న ఎర్రర్ వస్తుంది, డిస్క్ సగం ఖాళీగా ఉన్నా సరే. ఆ మాట చూసి డిస్కులు ఖాళీ చేసుకుంటూ కూర్చోవద్దు. పరీక్షలను మెమరీలోనే ఉండే టీఎంపీఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో నడిపేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, యూజర్ అట్రిబ్యూట్లు అక్కడ కెర్నల్ 6.6 నుంచే పనిచేస్తాయి. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ జోన్ ఐడెంటిఫైయర్ అని, మ్యాక్ క్వారంటైన్ అని పెట్టే గుర్తు భద్రత కోసం. డౌన్‌లోడ్ చేసే ప్రోగ్రామ్‌ను పోర్ట్ చేస్తే, కొత్త చోట దానికి తగిన గుర్తును రాయడం కూడా ఆ పనిలో భాగమే.

అన్నీ ఒక ఆర్కైవ్‌లో కట్టేస్తే భద్రం అనుకునేవాళ్లు ఎక్కువ. జిప్‌లో మామూలు సమయం డాస్ నాటిది, 2 సెకన్ల మెట్లు, టైమ్‌జోన్ లేదు. యూటీసీ సమయం కావాలంటే 5455 అన్న హెక్స్ గుర్తున్న అదనపు గడిని రాయాలి. యునిక్స్ మోడ్ కావాలంటే తయారుచేసిన సిస్టమ్ అంకెను 3 అని పెట్టి, బయటి అట్రిబ్యూట్లలో పై 16 బిట్లలో మోడ్ రాయాలి. ఆ అంకె 0గా వదిలేస్తే, విప్పే ప్రోగ్రామ్ పై బిట్లను పట్టించుకోకపోవచ్చు, స్క్రిప్ట్‌లు నడవని ఫైళ్లై వస్తాయి. టార్ అనే ఇంకో ఆర్కైవ్‌లో పాత యూస్టార్ రూపం వద్దు: సమయం పూర్తి సెకన్లే, యూఐడీ 2097151 దాటితే పట్టదు. పాక్స్ రూపం ఎంచుకోవాలి. ఆర్‌సింక్‌లో మైనస్ ఏ పెడితే అన్నీ వస్తాయన్నదీ భ్రమే. హార్డ్ లింకులు (ఒకే ఫైలుకు ఉన్న వేరే పేర్లు), ఏసీఎల్‌లు, ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్లకు పెద్ద అక్షరాల్లో హెచ్, ఏ, ఎక్స్ వేరుగా చేర్చాలి. రోబోకాపీ మామూలుగా మోసేది డేటా, అట్రిబ్యూట్లు, సమయాలు మాత్రమే. పైథాన్‌లో ఫైలును కాపీ చేసే కాపీ2 అన్నీ మోయదని దాని డాక్యుమెంటేషన్ మొదట్లోనే హెచ్చరిస్తుంది, చదివేవాళ్లే తక్కువ.

కాపీయే కాదు, మామూలు సేవ్ కూడా మెటాడేటాను మింగుతుంది. కరెంటు పోయినా ఫైలు చెడకుండా, తాత్కాలిక ఫైలులో రాసి పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టడం యునిక్స్‌లో మంచి పద్ధతి. కానీ అలా వచ్చింది కొత్త ఫైలు. పాతదాని సొంతదారు, ఏసీఎల్, అట్రిబ్యూట్లు, పుట్టిన తేదీ, హార్డ్ లింకులు దానికి రావు. విండోస్‌లో దీనికి రీప్లేస్‌ఫైల్ అనే పిలుపుంది, అది పాతదాని పుట్టిన సమయం, ఏసీఎల్, స్ట్రీమ్‌లు నిలుపుతుంది. మ్యాక్‌లో కాపీఫైల్‌ను మెటాడేటా జెండాతో పిలవాలి. లినక్స్‌లో ఒక్కొక్కటీ చేత్తో మోయాలి. ఇక్కడ విండోస్ ఒక మాయ చేస్తుంది: ఒక పేరును తుడిచి 15 సెకన్లలోపు అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే, కొత్త ఫైలుకు పాత పుట్టిన తేదీయే ఇస్తుంది. దాన్ని టనెలింగ్ అంటారు. పరీక్షలో తేదీ నిలిచింది కదా అని సంబరపడి, పెద్ద ఫైలు దగ్గర 16వ సెకనులో దొరికిపోతారు.

రాసే వరుసక్రమం తప్పినా పోయేవున్నాయి. ముందు డేటా, తర్వాత సొంతదారు, ఆ తర్వాత మోడ్, ఎందుకంటే సొంతదారును మారిస్తే సెట్‌యూఐడీ బిట్లు (సొంతదారు హక్కులతో ప్రోగ్రామ్‌ను నడిపించేవి) రాలిపోతాయి. ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్‌గా ఉండే లినక్స్ కేపబిలిటీలదీ (ప్రోగ్రామ్‌కు ఇచ్చే ప్రత్యేక హక్కులు) అదే సంగతి కాబట్టి ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్లు కూడా సొంతదారు తర్వాతే. సమయం వాటన్నిటి వెనక. విండోస్ రీడ్-ఓన్లీ, మ్యాక్ లాక్ గుర్తు, లినక్స్‌లో మార్చరాని ఫైలు గుర్తు అన్నిటికంటే చివర, అవి పడ్డాక ఇంకేదీ రాయనివ్వవు. ఫోల్డర్ల మోడ్, సమయం లోపలి ఫైళ్లన్నీ అయ్యాక, లోతుగా ఉన్నవాటి నుంచి పైకి వస్తూ రాయాలి. లేకపోతే లోపల ఫైలు పుట్టిన ప్రతిసారీ ఫోల్డరు సమయం కొత్తదవుతుంది.

సాఫ్ట్‌వేర్‌ను వేరే సిస్టమ్‌కు మార్పించే సంస్థలకు మా సూచన ఒక్కటే. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే ఒక పట్టిక అడగండి. ఎడమవైపు మీ సాఫ్ట్‌వేర్ ముట్టుకునే ప్రతి మెటాడేటా గడి పేరు, కుడివైపు మూడు మాటల్లో ఒకటి: అలాగే నిలుస్తుంది, మారి నిలుస్తుంది, పోతుంది. "పోతుంది" అన్న ప్రతి గడికీ ప్రోగ్రామ్ లాగ్‌లో ఒక వరుస రాయాలి, అడిగితే పని ఆపాలి. అప్పగింత రోజు పరీక్షకు ఒక చిన్న ఫోల్డరు చాలు: 0600 ఫైలు ఒకటి, 0444 ఒకటి, ఏసీఎల్ ఉన్నది ఒకటి, నడిచే స్క్రిప్ట్ ఒకటి, బేసి సెకనులో మారినది, 1969 నాటిది, 2039 నాటిది, ఐత్వం ఉన్న తెలుగు పేరు, 90 తెలుగు సంకేతాల పేరు, 5000 బైట్ల అట్రిబ్యూట్ ఉన్నది, హార్డ్ లింకుల జంట ఒకటి, ఎక్కడికీ దారితీయని సింబాలిక్ లింకు ఒకటి. దాన్ని కొత్త సిస్టమ్‌కు పంపి, వెనక్కి తెప్పించి, రెండు చివర్లా చిట్టాలు తీసి పోల్చండి. తేడాలు పట్టికతో సరిపోతే బిల్లు చెల్లించవచ్చు. పట్టికలో లేని తేడా ఒక్కటి కనిపించినా వెనక్కి పంపండి.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ పోర్టింగ్ పనిలో ఉన్న కొందరు పాఠకులు